ఊరి సగటులో కనబడని కాలనీ

2011 ఫిబ్రవరిలో మేము తడ మండలంలో జనగణన డ్యూటీ చేశాం. చేతిలో ఫారాల కట్ట, మెడలో గుర్తింపు కార్డు, చంకలో మేమే గీసుకున్న మ్యాపు. గుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కో వీధీ ముగించుకుంటూ పోతే, చివరికి కాలవ దాటాక మన గిరిజన కాలనీ వచ్చింది. అక్కడ కొన్ని గుడిసెలకు తడికెలు కట్టేసి ఉన్నాయి. "రొయ్యల గుంటల కాడ కాపలాకు పోయినారు సార్, పిల్లాజెల్లాతో" అని పక్కింటివాళ్లు చెప్పారు. ఒక అవ్వ మా ఫారాన్ని చాలాసేపు చూసి, "మీ ముందరోళ్లూ రాసుకున్నారు, మీరూ రాసుకుంటా ఉండారు. రాసిందంతా ఏడకి పోతాది నాయనా?" అని అడిగింది.

మేమూ యానాది బిడ్డలమే. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివి బడిపంతుళ్లమైన తరం వాళ్లం. అయినా ఆ రోజు ఆ అవ్వకు సరైన జవాబు చెప్పలేకపోయాం. "గవర్నమెంటుకు పోతాది అవ్వా" అని మాత్రం అన్నాం. ఆ మాట మాకే తృప్తినివ్వలేదు. మన పేదరికాన్ని ఎవరు, ఎప్పుడు, దేనితో కొలిచారు? కొలిచినదాంట్లో మన కాలనీ ఎక్కడ ఉంది? ఆ అవ్వ ప్రశ్న వెంట పోగా మేము తెలుసుకున్నది యువతకూ తోటి ఉపాధ్యాయులకూ ఇక్కడ చెబుతున్నాం.

ఊరి పట్టిక చెప్పేది, చెప్పనిది

జనగణన ముగిశాక ఊరివారీ పట్టికలు వస్తాయి. అందులో ఊరి జనాభా ఎంత, షెడ్యూల్డు తెగల వాళ్లు ఎంతమంది, అక్షరాస్యులు ఎంతమంది, పనిచేసేవాళ్లు ఎంతమంది అని ఉంటుంది. చూడగానే అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ ఊరి షెడ్యూల్డు తెగల వాళ్లలో అక్షరాస్యులు ఎంతమంది అన్న గడి ఆ పట్టికలో ఉండదు. రెండు లెక్కలూ పక్కపక్కనే ఉంటాయి, కలిసి మాత్రం ఉండవు. తెగల అక్షరాస్యత తెలియాలంటే జిల్లాకో రాష్ట్రానికో పోవాలి. అక్కడికి పోతే కాలనీ మాయమవుతుంది.

బడిలో పిల్లలకు చెప్పే లెక్కతోనే దీన్ని చూద్దాం. ఇది ఊహించిన ఊరు. మొత్తం 1,000 మంది. అసలు ఊళ్లో 900 మంది, అందులో 630 మంది చదువుకున్నవాళ్లు, అంటే 70 శాతం. కాలనీలో 100 మంది, అందులో 30 మంది చదువుకున్నవాళ్లు, అంటే 30 శాతం. రెండూ కలిపితే 1,000కి 660. ఊరి అక్షరాస్యత 66 శాతం అని పట్టికలో పడుతుంది. కాలనీలో ప్రతి వందమందికీ డెబ్బైమంది వేలిముద్ర వేసేవాళ్లున్నా, ఊరి అంకె నాలుగు పాయింట్లు మాత్రమే తగ్గింది. పై ఆఫీసులో ఆ 66ను చూసినవాళ్లు ఈ ఊరికి ఇబ్బంది లేదనుకుంటారు. అబద్ధం ఎవరూ రాయలేదు. సగటే కాలనీని మింగేసింది.

కాపలా కోసం లెక్క

మనల్ని లెక్కపెట్టడం కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో జనగణన జరిగింది. 1873లో బాస్వెల్ అనే దొర నెల్లూరు జిల్లా మాన్యువల్ రాశాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. అందులో యానాదుల మీద పెద్ద వ్యాసమే ఉంది. రెడ్డి యానాదులు, చల్ల యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు అని మనలోని విభాగాల గురించి ఆ కాలంలోనే రాసుకున్నారు. థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిపించిన మనిషి. మన తాతలు ఏ పూట తిన్నారు, ఏ పూట పస్తున్నారు అన్నది కొలవాలని ఆ కాలంలో ఎవరికీ తోచలేదు.

ఇంకో లెక్క ఇంతకంటే చేదైనది. 1871లో ఉత్తర భారతంలో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రాంతంలోనూ వర్తింపజేశారు. ఎరుకలవాళ్లతో పాటు మన యానాదుల్లో కొందరు కూడా దాని కింద నలిగారు. పేరు రిజిస్టరులో ఎక్కించడం, వేలిముద్రలు తీసుకోవడం, హాజరు పలికించడం, ఊరు దాటాలంటే అనుమతి చీటీ అడగడం ఆ చట్టం చేసిన పనులు. నెల్లూరు జిల్లాలో బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప అలాంటి సెటిల్మెంటుగానే మనవాళ్లకు గుర్తు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్లు ఈ చట్టం మీద ఏళ్ల తరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న అది రద్దయింది. అదే రాఘవయ్య 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా వెలువరించారు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నామంటే, ఇప్పటికీ కాలనీకి ఫారం పట్టుకుని పోతే పెద్దవాళ్లు కొంచెం వెనక్కి జరుగుతారు. పేరు రాసుకునేవాడు మేలు చేస్తాడన్న నమ్మకం వాళ్లకు వారసత్వంగా రాలేదు. కొత్త ఉపాధ్యాయులు ఆ జంకును మొండితనం అనుకోకూడదు.

వీధిని కొలిచిన మనిషి

ఉత్తర భారతంలో రిజిస్టర్లతో కాపలా కాస్తున్న ఆ రోజుల్లోనే, లండన్‌లో చార్లెస్ బూత్ అనే ఓడల వ్యాపారి వేరే రకం లెక్క మొదలుపెట్టాడు. 1886 నుంచి 1903 దాకా ఆయన బృందం ఆ నగరంలో ఇంటింటి పరిస్థితీ కనుక్కుని, వీధి వీధికీ రంగు వేసి మ్యాపులు తయారుచేసింది. బాగా బతికేవాళ్ల వీధికి పసుపు, కటిక పేదల వీధికి ముదురు నీలం, అట్టడుగున ఉన్నవాళ్ల వీధికి నలుపు. ఆయన వాడిన మాటల్లో ఆ కాలపు చిన్నచూపు ఉంది. అయినా ఒక మంచి పని జరిగింది. నగరం మొత్తానికి ఒక సగటు తీసి ఊరుకోకుండా వీధి దాకా దిగాడు. దాంతో పెద్ద మేడల వెనకే పస్తులుండే సందు ఉందని మ్యాపు చూసినవాళ్లకు తెలిసింది.

దిగిన మెట్టును బట్టి కనబడే పేదరికం మారుతుంది. దేశం మెట్టు మీద నిలబడితే ఒకటి, జిల్లా మెట్టు మీద ఒకటి, ఊరి మెట్టు మీద ఒకటి, కాలనీ మెట్టు మీద ఇంకొకటి. స్వతంత్ర భారతం మన కోసం ఏ మెట్టు మీద నిలబడిందో ఇప్పుడు చూద్దాం.

సగం ఉంటేనే లెక్క

రాజ్యాంగంలోని అయిదవ షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటిస్తారు. అందుకు చూసేవి నాలుగు: గిరిజనులు అధికంగా ఉండాలి, ప్రాంతం ఒక్కచోట కలిసి తగినంత పెద్దదిగా ఉండాలి, పాలనకు వీలైన ముక్క అయి ఉండాలి, చుట్టుపక్కల కంటే వెనుకబడి ఉండాలి. చివరిది ఒక్కటే చూస్తే మన కాలనీలన్నీ అందులో ఉండేవి. మొదటి రెండింటి దగ్గరే మనం ఆగిపోయాం. నెల్లూరు జిల్లాలో గానీ, 2022 ఏప్రిల్ 4 నుంచి తడ చేరిన తిరుపతి జిల్లాలో గానీ షెడ్యూల్డు ప్రాంతం లేదు. అందుకే 1996 నాటి పెసా చట్టం మన గడప దాకా రాలేదు.

అభివృద్ధి పథకాలూ ఇదే దారిలో నడిచాయి. వెరియర్ ఎల్విన్ కమిటీ 1960లో, యు.ఎన్. ధేబర్ కమిషన్ 1961లో నివేదికలు ఇచ్చాక, జనాభాలో మూడింట రెండు వంతులు గిరిజనులున్న చోట గిరిజన అభివృద్ధి బ్లాకులు పెట్టారు. బయట ఉన్నవాళ్లు చాలామంది మిగిలిపోయారు. అయిదవ ప్రణాళికలో, అంటే 1974 తర్వాత, గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. గీటురాయి సగానికి దిగింది. ఆ తర్వాతి ప్రణాళికల్లో ఇంకా చిన్న ముక్కలు పట్టుకున్నారు: 10,000 జనాభాలో సగం గిరిజనులుంటే 'మాడా' పాకెట్, 5,000లో సగం ఉంటే క్లస్టర్. ప్రతిసారీ వల కన్ను చిన్నదవుతూ వచ్చింది. అయినా మన చేప దాంట్లో పడలేదు.

ఈ మధ్య వచ్చినవీ చూడండి. ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు 2018లో పెట్టుకున్న కొలత, బ్లాకులో సగానికి పైగా గిరిజనులు, కనీసం 20,000 మంది గిరిజన జనాభా. ప్రధానమంత్రి ఆది ఆదర్శ గ్రామ యోజనకు ఊళ్లో కనీసం సగంమంది, కనీసం 500 మంది గిరిజనులు ఉండాలి. తడ చుట్టుపక్కల కాలవ గట్టునో, చెరువు కట్ట కిందో, ముప్పై నలభై గడపలుండే కాలనీ ఈ లెక్కలకు అందుతుందా?

2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 4,62,167 మంది. సుగాలీలు, కోయల తర్వాత మూడో పెద్ద తెగ మనదే. ఇంత జనం ఒక్కచోట ఉంటే ఎన్ని మండలాల్లో సగం దాటేవాళ్లమో! ఎందుకు ఒక్కచోట లేము? మన బతుకుతెరువే మనల్ని చెదరగొట్టింది. ఒక తోటకు కాపలా ఒక కుటుంబం, ఒక చేపల గుంటకు రెండు కుటుంబాలు, ఒక రైతు పొలంలో ఎలుకలు పట్టడానికి నాలుగు ఇళ్లు. సొంత భూమి లేనివాడు పని ఎక్కడుంటే అక్కడ గుడిసె వేసుకున్నాడు. చెదిరి ఉండడమే మన లేమికి పెద్ద గుర్తు. ఆ చెదిరి ఉండడమే మనల్ని లేమి లెక్కలోంచి తప్పించింది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

వేరే దారి లేకపోలేదు. నెల్లూరు కేంద్రంగా యానాదుల కోసం ఒక ఐటీడీఏ ఏర్పాటైంది. ఏజెన్సీ కొండల్లో ఐటీడీఏలు ప్రాంతాన్ని పట్టుకుని పనిచేస్తే, ఇది మైదానంలో చెదిరిన మనుషులను పట్టుకుని పనిచేయాల్సిన సంస్థ. ప్రాంతం బదులు జనాన్ని కొలతగా పెట్టుకోవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నదనడానికి అది సాక్ష్యం. ఆదిమ తెగల జాబితా కూడా అలాంటిదే. వ్యవసాయానికి ముందు దశలో ఉండడం, జనాభా పెరగకపోవడం, అక్షరాస్యత బాగా తక్కువ కావడం లాంటి గుర్తులతో 1975 నుంచి దేశమంతా 75 తెగలను అందులో చేర్చారు. మన పక్కనే నల్లమలలో ఉండే చెంచులు ఆ జాబితాలో ఉన్నారు, యానాదులు లేరు.

గీతలు, మార్కులు

ప్రాంతం లెక్క పక్కన కుటుంబం లెక్క కూడా నడిచింది. 1979లో ప్రణాళికా సంఘం నిపుణుల బృందం, పల్లెలో మనిషికి రోజుకు 2,400 కేలరీలు, పట్నంలో 2,100 కేలరీలు కావాలని పెట్టుకుంది. 1973-74 ధరల్లో నెలకు పల్లెలో 49 రూపాయల 9 పైసలు, పట్నంలో 56 రూపాయల 64 పైసలు ఖర్చు పెట్టగలిగితే గీత పైన, లేకపోతే గీత కింద. పల్లెకూ పట్నానికీ వేరే కొలత ఉండాలన్న ఆలోచన అప్పటికే ఉందన్నమాట.

ఏ ఇల్లు గీత కింద ఉందో తేల్చడానికి పల్లెల్లో సర్వేలు జరిగాయి. 1992లో కుటుంబ ఏడాది ఆదాయం 11,000 రూపాయలు గీటురాయి. కూలివాడి ఆదాయం ఎవరు రాసి పెట్టుకుంటారు? 1997లో భూమి, పక్కా ఇల్లు, వాహనం లాంటివి ఉన్నవాళ్లను ముందే తీసేశారు. 2002లో 13 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 52. ఎంత భూమి, ఎలాంటి ఇల్లు, మనిషికి ఎన్ని బట్టలు, ఎన్ని పూటల తిండి, మరుగుదొడ్డి ఉందా, చదివినవాళ్లున్నారా, అప్పు ఎవరి దగ్గర చేశారు, వలస ఎందుకు పోతారు. ప్రశ్నలు ఆదాయం ప్రశ్న కంటే నయమే. కానీ గీత ఎక్కడ గీయాలన్నది, రాష్ట్రంలో పేదలు ఎంతమంది ఉండాలో పైన ముందే వేసుకున్న అంచనాకు సరిపోయేలా తేల్చారు. పరీక్ష రాయకముందే ఎంతమంది పాస్ కావాలో నిర్ణయించినట్టు.

2011లో సామాజిక ఆర్థిక కుల గణన వచ్చింది. పల్లె కుటుంబాలకు మూడు జల్లెడలు పెట్టారు. మొదటి జల్లెడలో 14 గుర్తులు. వాటిలో ఒక్కటి ఉన్నా ఆ ఇల్లు లెక్కలోంచి బయటికి. రెండో జల్లెడలో అయిదు రకాల వాళ్లు నేరుగా లోపలికి: గూడు లేనివాళ్లు, బిచ్చంతో బతికేవాళ్లు, చేతులతో మలం ఎత్తేవాళ్లు, ఆదిమ తెగలు, చట్టప్రకారం విడుదలైన వెట్టి కూలీలు. మిగిలినవాళ్లకు ఏడు లేములు: కచ్చా గోడలు, కచ్చా కప్పుతో ఒకే గది ఇల్లు, 16 నుంచి 59 ఏళ్ల వయసువాళ్లు ఇంట్లో లేకపోవడం, ఆ వయసు మగవాళ్లు లేక ఆడమనిషే ఇల్లు నడపడం, 25 ఏళ్లు దాటిన చదువుకున్నవాళ్లు లేకపోవడం, వికలాంగులుండి పనిచేయగల పెద్దలు లేకపోవడం, దళిత లేదా గిరిజన కుటుంబం కావడం, భూమి లేక కూలి మీదే బతకడం. 2015 జూలైలో లెక్కలు బయటపెట్టినప్పుడు దాదాపు 17.9 కోట్ల పల్లె కుటుంబాల్లో 8.69 కోట్ల కుటుంబాలకు ఈ ఏడింటిలో కనీసం ఒక లేమి ఉందని తేలింది.

ఇది ఇంతకు ముందు వాటికంటే మంచి కొలతే. గిరిజన కుటుంబం కావడమే ఒక లేమి అని ఒప్పుకుంది. అయినా అందులో మన తీరానికి గుచ్చుకునే ముళ్లు మూడున్నాయి.

బండి, పడవ, అడ్వాన్సు

తడ మండలం ఒక్కటే అయినా ఒకే రకం చోటు కాదు. పులికాట్ సరస్సులో ఇరకం, వేనాడు దీవులున్నాయి. ఇరకం పోవాలంటే భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కాలి. సరస్సు ఒడ్డున చేపల పల్లెలున్నాయి. మధ్యలో చెన్నై వైపు పోయే జాతీయ రహదారి, రైలు కట్ట ఉన్నాయి. మాంబట్టు పక్క ఫ్యాక్టరీలున్నాయి; పడమటి పక్క కొంచెం దూరంలో శ్రీసిటీ ఉంది. ఈ నాలుగు రకాల చోట్లా మన కాలనీలు ఉన్నాయి. ఒకే ప్రశ్నల కాగితం నాలుగు చోట్లా ఒకే నిజం చెబుతుందా?

మొదటి ముల్లు మోటారు బండి. 2011 జల్లెడలో పల్లెలో మోటారు సైకిలు ఉంటే చాలు, ఆ ఇల్లు బయటికి. మన కుర్రవాడు రాత్రి షిఫ్టుకు ఫ్యాక్టరీకి పోవాలంటే బస్సు ఉండదు. వాయిదాల మీద సెకండ్ హ్యాండ్ బండి కొంటాడు. వాయిదా కట్టలేక ఇంట్లో గంజి తాగుతున్నా సరే, కాగితం మీద ఆ ఇల్లు గట్టెక్కినట్టే. అదే సమయంలో పట్టణాల కోసం ఎస్.ఆర్. హషీమ్ కమిటీ 2012లో సూచించిన కొలతలు చూడండి. అక్కడ మోటారు సైకిలు ఒక్కటే ఉంటే తీసేయరు. ఫ్రిజ్, ల్యాండ్‌లైన్ ఫోను, వాషింగ్ మెషీన్, మోటారు సైకిలు, ఈ నాలుగింటిలో మూడు ఉంటేనే తీసేస్తారు. అదే బండి పట్నంలో ఒక వస్తువు, పల్లెలో ఐశ్వర్యం. బస్సు తిరగని చోట బండి మరింత అవసరం కదా, మరి ఈ కొలత తలకిందులు కాలేదా?

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. ఇంగ్లండులో పీటర్ టౌన్‌సెండ్ 1988లో తన బృందంతో కలిసి పేటల లేమిని కొలవడానికి నాలుగు గుర్తులు పెట్టాడు: పని లేకపోవడం, కారు లేకపోవడం, సొంతిల్లు లేకపోవడం, ఇరుకు ఇల్లు. పట్నంలో అది బాగానే పనిచేసింది. పల్లెల్లో బస్సు లేక పేదవాడు కూడా కారు పెట్టుకోక తప్పదు కాబట్టి, కారు ఉన్నంత మాత్రాన కలిగినవాడు కాడని అక్కడి పరిశోధకులే వేలెత్తి చూపారు. స్కాట్లండులో 2004 నుంచి చిన్న చిన్న ముక్కలుగా ప్రాంతాలను కొలుస్తున్నారు. అక్కడా తేలింది ఒకటే: పట్నాల్లో పేదలు ఒకే పేటలో గుంపుగా ఉంటారు, పల్లెల్లో కలిగినవాళ్ల పక్కనే చెదిరి ఉంటారు. అందుకని బాగా వెనుకబడిన ప్రాంతాల జాబితా ఒక్కటే చూసి పని చేస్తే, ఆ జాబితాకు బయట ఉన్న పేదలు జారిపోతారు. తడ గురించే చెప్పినట్టు లేదూ?

రెండో ముల్లు పడవ. మోటారు ఉన్న చేపల పడవ కూడా ఆ 14 గుర్తుల్లో ఉంది. సరస్సులో మోకాటి లోతు నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలూ పీతలూ పట్టే యానాదికి పడవే ఉండదు, కనుక ఈ ప్రశ్న అతన్ని బయటికి తోయదు. కానీ అతని అసలు లేమిని కూడా పట్టుకోదు. పడవ లేదు, వల లేదు, వాటా అడిగే హక్కు లేదు. పట్టినదాన్ని అప్పు ఇచ్చినవాడికే, అతను చెప్పిన రేటుకే పోయాలి. వీటికి ఫారంలో గడి లేదు. దీవిలో ఉన్నవాళ్లకు ఇంకో లేమి ఉంది. పురిటి నొప్పులు వచ్చినప్పుడు గాలి ఎటు వీస్తుంది, పడవ దొరుకుతుందా లేదా అన్నది. దానికీ గడి లేదు.

మూడో ముల్లు అన్నిటికంటే లోతుగా దిగేది. విడుదలైన వెట్టి కూలీలు నేరుగా లోపలికి వస్తారన్నారు. వెట్టిచాకిరీ 1976 చట్టంతోనే నేరమైంది. విడుదల అయినట్టు కాగితం ఉన్నవాడు లెక్కలోకి వస్తాడు. అడ్వాన్సు తీసుకుని ఇంకా గుంట గట్టు మీదే ఉన్నవాడి సంగతి? అతను విడుదల కాలేదు కాబట్టి ఆ గడిలోకి రాడు. తాళ్లు తెగినవాడికి మార్కు ఉంది, తాళ్లతో ఉన్నవాడికి లేదు.

జిల్లా సగటు

ఇప్పుడు నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచిక అని ఒకటి వేస్తోంది. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలు అనే మూడు పక్కల 12 గుర్తులతో, కుటుంబ ఆరోగ్య సర్వే ఆధారంగా దాన్ని కడతారు. దేశంలో అలాంటి పేదలు 2015-16లో 24.85 శాతం ఉండగా 2019-21 నాటికి 14.96 శాతానికి తగ్గారని 2023 నివేదిక చెప్పింది. తగ్గితే మనకూ సంతోషమే. అయితే ఆ లెక్క జిల్లా మెట్టు దాకానే దిగుతుంది. సర్వే కొన్ని ఇళ్లను మాత్రమే ఎంచి అడుగుతుంది కాబట్టి కాలనీ దాకా దిగలేదు. 2018లో వెనుకబడిన జిల్లాలను ఎంచినప్పుడు మన రాష్ట్రం నుంచి విజయనగరం, విశాఖపట్నం, కడప వచ్చాయి. నెల్లూరు రాలేదు. వరి, చేపలు, రొయ్యలు, రేవు, రహదారి, ఫ్యాక్టరీలు ఉన్న జిల్లా సగటు ఎందుకు పడిపోతుంది? ఆ వరిలో ఎలుకలు పట్టినవాడు, ఆ రొయ్యకు కాపలా కాసినవాడు సగటు కిందే ఉండిపోయాడు.

పక్కన శ్రీహరికోట దీవి ఉంది. 1971 నుంచి అక్కడి నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి. ఆ దీవి అడవుల్లో తేనె, మూలికలు ఏరుకుని బతికింది మన తాతలే. రాకెట్టు లేచినప్పుడు మన కాలనీల పిల్లలు ఇంటి ముందు నిలబడి చప్పట్లు కొడతారు, మేమూ కొడతాం. ఆ పొగ చారను ప్రపంచమంతా చూస్తుంది. దాని కింద ఉన్న కాలనీ మాత్రం ఏ పట్టికలోనూ విడిగా కనబడదు.

కాలనీ పుస్తకం

మరి మనం చేయగలిగింది ఏమిటి? వచ్చే జనగణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వచ్చింది. మన ప్రాంతానికి ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈసారి కులగణన కూడా ఉంది. డ్యూటీకి పోయేది చాలావరకు మనలాంటి ఉపాధ్యాయులే. కాబట్టి మొదటి పని మన చేతిలోనే ఉంది.

తెగ పేరు దగ్గర 'ఎస్టీ' అని వదిలేయకుండా 'యానాది' అని నమోదయ్యేలా చూడాలి. తలుపు మూసి ఉన్న ఇంటిని ఒక్కసారి చూసి వదిలేయకూడదు. ఆ కుటుంబం ఏ గుంట దగ్గర, ఏ తోటలో ఉందో అడగాలి. 2011లో ఉన్న నియమం ప్రకారం, గణన గడువంతా బయటే ఉన్నవాళ్లను వాళ్లు ఉన్న చోటే లెక్కించాలి. గుంట గట్టు మీది గుడిసె దాకా ఎవరూ పోకపోతే వాళ్లు రెండు చోట్లా లేనట్టే. యువకులు ఆ గుడిసెలు ఎక్కడున్నాయో గణకులకు దారి చూపాలి.

రెండో పని మరింత ముఖ్యం. ప్రతి కాలనీకి ఒక పుస్తకం ఉండాలి. రెండొందల పేజీల నోటుబుక్కు చాలు. పదో తరగతి దాటిన మన పిల్లలే రాయగలరు. గడపలెన్ని, మనుషులెంతమంది, బడి ఈడు పిల్లల్లో బడికి పోయేవాళ్లెవరు, మానేసినవాళ్లెవరు, ఏ నెలలో మానేశారు. జనన ధ్రువపత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు ఎవరికి లేవు. ఇంటి స్థలానికి పట్టా ఉందా. తాగునీరు ఎంత దూరం, వానాకాలంలో దారి మునుగుతుందా. ఏడాదిలో ఎన్ని నెలలు కాలనీలో ఉంటారు, ఎన్ని నెలలు బయట ఉంటారు. అడ్వాన్సు ఎవరి దగ్గరైనా ఉందా, అది తీరేదాకా కదలడానికి వీల్లేదని ఎవరైనా అన్నారా.

ఈ ప్రశ్నలను చోటును బట్టి మార్చుకోవాలి. దీవిలో అయితే పడవ, ఆసుపత్రి దూరం గురించి అడగాలి. సరస్సు ఒడ్డున అయితే చేప ఎవరికి అమ్ముతారో అడగాలి. రహదారి పక్కన అయితే ఇల్లు ఎన్నిసార్లు ఖాళీ చేయించారో అడగాలి. ఫ్యాక్టరీ దగ్గర అయితే పని పర్మినెంటా, కాంట్రాక్టరు కిందా, బండి వాయిదా ఎంత అని అడగాలి. అన్ని చోట్లా అడిగేవి కొన్ని, చోటును బట్టి అడిగేవి కొన్ని ఉండాలి. ఢిల్లీ, లండన్ లెక్కలు రెండూ మనకు నేర్పిన పాఠం ఇదే.

ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. మన తాతల పేర్లు ఒకప్పుడు వాళ్లను కట్టడి చేసే రిజిస్టర్లలో ఉన్నాయి. అందుకని ఈ పుస్తకం కాలనీదే కావాలి. అందరినీ కూర్చోబెట్టి ఎందుకు రాస్తున్నామో చెప్పి, ఒప్పుకున్నవాళ్లవే రాయాలి. రాసింది వాళ్లకు చదివి వినిపించాలి. పుస్తకం కాలనీ పెద్దల దగ్గరే ఉండాలి. అడ్వాన్సు సంగతి లాంటివి పేర్లతో బయటికి పోతే ఆ కుటుంబానికే ముప్పు. గ్రామసభకో, మండల ఆఫీసుకో, ఐటీడీఏకో ఇచ్చేటప్పుడు పేర్లు లేకుండా అంకెలు ఇస్తే చాలు. వెట్టి సంగతి తేలితే, ఆ కుటుంబం ఇష్టంతోనే రెవెన్యూ అధికారుల దగ్గరకు తీసుకుపోవాలి.

జిల్లా పేరు మారింది. రేపు మండలం హద్దులు మారవచ్చు. అప్పుడు పాత పట్టికనూ కొత్త పట్టికనూ పోల్చడం కుదరదు. కాలనీ పుస్తకంలో మాత్రం అయిదేళ్ల కిందట బడి మానేసినవాళ్లు ఎంతమంది, ఇప్పుడు ఎంతమంది అన్నది ఒకే చోట కనబడుతుంది. బడిలో సగటు పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత ఈ లెక్కలే చేయించవచ్చు. ఊరి సగటు 66, మా కాలనీ 30 అని తన చేత్తో తేల్చిన బిడ్డ, ఆ తేడా ఎందుకు వచ్చిందని తప్పకుండా అడుగుతుంది.

ఫారాన్ని చాలాసేపు చూసిన ఆ అవ్వ ఇప్పుడు లేదు. రాసిందంతా ఏడకి పోతాది అని ఆమె అడిగింది. ఇన్నాళ్లూ అది ఊరి లెక్కలో, మండలం లెక్కలో, జిల్లా లెక్కలో కలిసిపోయింది. ఇక ముందు రాసేదాంట్లో ఒక కాపీ ఆమె కాలనీలోనే, ఆమె మనవరాలి చేతిరాతలో ఉండాలి.